సువార్త మేడం రాయించిన సగం పరద లెక్క

నిన్న పొద్దుగాల కోవ డబ్బ చేతుల పట్టుకొని ధర్మసాగర్ బస్టాప్‌ల నిలబడ్డ.

కాజీపేటల సువార్త మేడం ఇంటికి పోదామని. మంచి ముచ్చట చెప్పేది ఉండె.

నా బిడ్డ సరిత ఫోన్ చేసింది. "బాపూ, బస్ ఎక్కినవా?" అన్నది. ఇంకా లేదన్న. అప్పుడు చెప్పింది, మేడం తెల్లారంగ దవాఖానల పానం ఇడిసింది, గుండెపోటు అని.

అక్కడ్నే బెంచీ మీద కూలబడ్డ. రెండు బస్సులు వచ్చి పోయినయ్.

నేను ఐదో తరగతి దాకనే చదివిన. తప్పులుంటే ఏమనుకోకుండ్రి. మేడం గురించి రాయకుంటే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

తెలువనోళ్లకు చెప్తాన. మేడం హన్మకొండల ఒక ఫారిన్ సంస్థల గ్రాంట్స్ మేనేజర్‌గ చేసింది. బయటిదేశం డోనర్లు పైసలు పంపిస్తరు. అవి ఎవరికి చేరినయ్, దేనికి ఖర్చయినయ్ అని బిల్లులు, సంతకాలు అన్ని జూసి డోనర్‌కు రిపోర్ట్ పంపుడు ఆమె పని. రిపోర్ట్ సక్కగ లేదా, తర్వాతి పైసలు బంద్.

అప్పుడు మేము ఏటూరునాగారం దిక్కు మా ఊర్లె ఉంటుంటిమి. వరద వచ్చి ఇండ్ల కప్పులు లేసిపోయినయ్. సంస్థోళ్లు అరవై ఇండ్లకు అరవై ప్లాస్టిక్ పరదలు పంపిండ్రు, పైన కప్పుకునేటియి. ఊరి కమిటీకి పెద్దను నేనే. పంచుడు, లిస్ట్ మీద వేలిముద్ర ఏపిచ్చుడు నా డ్యూటీ.

పంచుకుంట పోతే ఊరి చివర ఇంకో నాలుగు గుడిసెలు. కూలికి వచ్చినోళ్లు. రేషన్ కార్డు లేదు, లిస్ట్‌ల పేరు లేదు. చిన్న పిల్లలు తడుస్తాండ్రు.

కొడవలి తీసుకొని ముందుగాల నా పరదనే నడుమకు కోసిన. ఇంకో మూడిండ్లోళ్లను బతిమిలాడి వాళ్లయి గూడ కోసిన. సగం వాళ్లకు, సగం గుడిసెలోళ్లకు.

కాయితం మీద మాత్రం అరవై ఇండ్లు, ఇంటికొక పరద. అట్లనే పంపిన.

ఎవరో ఆఫీస్‌కు ఫోన్ కొట్టిండ్రు, కమిటీ పెద్ద సమ్మయ్య పరదలు కోసి అమ్ముకుంటాండని.

మూడో రోజు మేడం జీప్ దిగింది. చేతుల నా లిస్ట్. ఊరంత చుట్టు నిలబడ్డది. ఉన్నదంత చెప్పేసిన. ముందే చెప్తే ఇండ్ల రేకులకు రావాల్సిన పైసలు ఆగిపోతయని భయపడ్డనన్న.

ఆమె ఆ నాలుగు గుడిసెల కాడికి నడుసుకుంట పోయి చూసొచ్చింది. చీర అంచు నిండ బురద. వచ్చి అన్నది,

"అన్నా, పరద కోసినందుకు నేను రాలే. కోసినట్టు రాయనందుకు వచ్చిన."

ఇన్నేండ్లయినా ఆ మాట నా చెవులల్లనే ఉన్నది.

సరిత అప్పుడు తొమ్మిదో తరగతి. చేతిరాత మంచిగుండె. మేడం దాన్ని పక్కన కూసోబెట్టుకొని కొత్త లిస్ట్ రాయించింది. అరవై నాలుగు పేర్లు. ఎవరికి నిండు పరద, ఎవరికి సగం పరద అని పక్కన ఇంకో గడి గీయించింది.

ఆఫీస్‌ల వద్దన్నరట. డోనర్‌కు ఇవన్ని రాసి తలనొప్పి ఎందుకు, పాత లిస్ట్ పెట్టి కానిద్దామని. మేడం వినలే. రిపోర్ట్ మొదటి పేజీలనే రాసింది, తప్పు మాదే, నాలుగిండ్లు మేం మర్చిపోయినం, ఊరోళ్లు సరిచేసుకున్నరు అని.

నెలన్నర జవాబు లేదు. వాన ఆగదు, రేకులు రావు. చాయ్ హోటల్ కాడ నన్ను జూస్తే చాలు, "ఏమే సగం పరద సమ్మయ్యా, మీ మేడం నిజం రాసి మనల్ని వానల నిలబెట్టింది గదా" అని నవ్వుడు. ఆ హోటల్‌కు పోవుడే బంద్ చేసిన. నా ఇంటామె గూడ రెండ్రోజులు మాట్లాడలే.

ఒకరోజు జీప్ వచ్చింది. దాని ఎనుక ట్రాక్టర్ల రేకులు. అరవై నాలుగిండ్లకు.

డోనర్ ఏం రాసిండు మేడం అని అడిగిన. "ఈసారి నుంచి ముందు ఇండ్లు లెక్కబెట్టుకోండ్రి అని మాకు చీవాట్లు పెట్టిండు సగం పరదన్నా" అని నవ్వింది. అప్పటి సంది ఆమెకు నేను సగం పరదన్ననే. ఫోన్ల గూడ అదే పిలుపు.

పోయేటప్పుడు జీప్‌ల కూసోని చెప్పింది, ఈ పిల్లను బీకాం చదివించు, తెలువకుంటే తోచింది రాస్తలేదు, అడిగి రాస్తాంది అని.

చదివించిన. మేడం కిందనే పని నేర్సుకున్నది. మేడం రిటైరయినంక, ఈ సంవత్సరం నా బిడ్డ అదే కుర్చీల గ్రాంట్స్ మేనేజర్ అయింది. కూలికి పోయినోని బిడ్డ! మొన్న దాని మొదటి రిపోర్ట్‌ను డోనర్ మెచ్చుకొని పాస్ చేసిండు. సంతోషం పట్టక కనబడ్డోళ్లందరికి చెప్పిన. కోవ అందుకే కొన్న.

ఆఖరికి అదే డబ్బతోటి మేడంను పండబెట్టిన పెట్టె పక్కన కూసున్న. చర్చోళ్లు పాటలు పాడుతాండ్రు. సరిత నా చెవుల మెల్లగ అన్నది, "బాపూ, నేను గూడ మొదటి పేజీల మా తప్పులే రాసిన."

మేడం ఇంటాయన, సారు, నా చేతుల డబ్బ జూసిండు. తీసుకపోయి ఆమె కండ్లద్దాల పక్కన పెట్టిండు.

మేడం, అయింది అయినట్టు రాయమన్నవు. రాస్తాన.

నిన్న నీ పక్కన కూసోని ఏడ్చిన. ఏడుసుకుంటనే నా బిడ్డను జూసి సంతోషపడ్డ. రెండూ నిజమే.

ఇంకోటి. ఆ రోజు పరద కోసినప్పుడు కొడవలి జర పక్కకు పోయింది. పెద్ద ముక్క నా ఇంటికే ఉంచుకున్న. జానెడు ఎక్కువుంటది. నువ్వు సగం అని రాయిస్తుంటే నోరు మూసుకున్న.

ఇయ్యాల సరిచేసుకో.

పోయిరా సువార్తమ్మా. నీ ప్రభువు కాడ నిమ్మళంగ ఉండు.

నీ సగం పరదన్న