ఎవరి అరుగని అడిగితే

శ్రావణ మాసం, ఆదివారం, సాయంత్రం. స్థలం: జ్ఞానమ్మ ఇంటి అరుగు. హాజరైనవారు: నేను, నా భార్య పద్మావతి, ఎదురింటి టైలరు మాబు, జ్ఞానమ్మ కూతురు ఎస్తేరు. రానివారు: జ్ఞానమ్మ.

నీటిపారుదల శాఖలో ఉన్నన్నాళ్లూ ఏ సమావేశం జరిగినా మొదట తేదీ, తర్వాత హాజరు రాయడం నా పని. నంద్యాలలో పదవీ విరమణ చేసి ఈ పల్లెలో ఇల్లు కట్టుకున్నాక కూడా డైరీలో ఆ అలవాటు పోలేదు. చనిపోయిన మనిషిని రానివారి వరుసలో రాయకూడదని తెలుసు. అయినా పోయిన వేసవి నుంచి అలాగే రాస్తున్నాను. ఆ మధ్యాహ్నం వాన పడి వెలిసింది. ఎండకు కాగిన నాపబండ తడిస్తే, వేడి పొయ్యి మీద నీళ్లు చిలకరించినట్టు ఒక వాసన లేస్తుంది. ఆ బండ మీద అరచెయ్యి ఆనించాను. లోపల ఇంకా వెచ్చగానే ఉంది. నేను ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు ఇదే అరుగు అంచున ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంటే, "సరిగ్గా కూచోప్పా, అరుగు నిన్నేం కరవదు" అన్న జ్ఞానమ్మ గొంతు మళ్లీ వినిపించినట్టయింది.

మేం కూడిన కారణం చిన్నది కాదు. రోడ్డు వెడల్పు చేయడానికి మర్నాడు ఉదయం మునిసిపాలిటీ వాళ్లు కొలతలకు వస్తున్నారని కబురు వచ్చింది. వీధి పొడవునా ఉన్న అరుగులన్నీ మళ్లీ కూల్చివేత గీతలోకి వస్తాయి.

"జ్ఞానమ్మ ఉంటే మనకీ తిప్పలు లేకపాయ," అన్నాడు మాబు.

"అమ్మ లేదు గదన్నా. సార్ ఉండాడు," అంది ఎస్తేరు, నా వైపు చూడకుండానే.

జవాబు చెప్పేముందు, అప్పట్లో జ్ఞానమ్మ ఏం చేసిందో నాకు నేను గుర్తు చేసుకోవాలి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే దారికి కాస్త లోపలగా ఉంటుంది మా పల్లె. పక్క పట్టణం మమ్మల్ని తనలో కలుపుకున్నాక ఊరి పేరు పోయి వార్డు నంబరు వచ్చింది. మా చివరి సర్పంచి జ్ఞానమ్మ. సొంత చేనిలో శనగ వేసే రైతు. చర్చిలో పాట పాడినా, వీధిలో ఎవరినైనా తిట్టినా ఒకటే గొంతు. విలీనం మీద గ్రామసభ పెట్టిన రోజు నేను కాగితం మీద నిలువుగీత గీసి, ఒకవైపు లాభాలు, మరోవైపు నష్టాలు రాసుకుని వెళ్లి చదివాను. కొళాయి నీళ్లు, వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త బండి, ఇంటి జాగాలకు ధర. రెండో వైపు ఇంటి పన్ను, నీటి పన్ను, గది కట్టాలన్నా ప్లానుకు అనుమతి, ఉపాధి హామీ పనులు ఆగిపోవడం, వీధిలో పశువులను కడితే జరిమానా. లాభాలే ఎక్కువని తేల్చాను.

"జాగా ధర పెరుగుతాది, సరే," అంది జ్ఞానమ్మ. "అది అమ్ముకునేటోనికి లాభం. ఆ ఇంట్లోనే ఉండి ఆ ఇంట్లోనే సచ్చేటోనికి ఏందప్పా లాభం?"

నేను కాగితం మడిచాను. వెనక నుంచి ఎవరో, "కుర్చీ పోతాదని నీ బాధ జ్ఞానమ్మక్కా," అన్నారు.

"కుర్చీ యాడుంది రా? పంచాయతీ ఆఫీసు కప్పు కారతాందని నా అరుగు మీదే కూచుని సంతకాలు పెడతాండా. పోతే మీ పీడ పోతాది."

సభంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే విలీనానికి మొదట చెయ్యెత్తింది ఆమే. "నీళ్లు కావల్ల, దీపాలు కావల్ల, కలుద్దాం. కోడలు అత్తింటికి పోయినట్టు తల వంచుకోని మాత్రం పోగాకండి. పొత్తు సేద్యానికి పోయినట్టు పోండి." ఆ మాటను ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. అర్థమైంది మాత్రం చాలా కాలానికి.

విలీనమయ్యాక కొళాయి వచ్చింది. దీపాలు వెలిగాయి. మా ఆవిడ బిందెతో బోరింగు దగ్గర నిలబడే బాధ తప్పింది. పన్నూ పెరిగింది. కూలికి పోయేవాళ్లకు ఎండాకాలం పనులు ఆగిపోయాయి. ఇంటి ముందు బర్రెను కట్టేస్తే జరిమానా అన్నారు. ఇవన్నీ నేను కాగితంలో రాసినవే. రాయనిది అరుగు.

మా వైపు అరుగంటే ఇంటి గోడకు ఆనించి నాపబండలు పరిచిన తిన్నె. కట్టినది ఇంటివాడే, కడిగేదీ ఇంటివాడే. కానీ దాని మీద కూర్చోవడానికి ఎవరూ ఎవరినీ అడగరు. గాజులమ్మే మనిషి మూట దించుతుంది, ఉయ్యాలవాడ ఆటో కోసం చూసేవాళ్లు కాళ్లు చాపుకుంటారు. "ఇది నాది" అన్నామంటే "లేచి పో" అన్నట్టే. అందుకే మురుగు కాలువ పనికి కొలతలు తీయడానికి మునిసిపాలిటీ ఉద్యోగి ఒకాయన వచ్చి, "ఈ అరుగు ఎవరిదమ్మా?" అని అడిగితే, జ్ఞానమ్మ మర్యాదగా చెప్పవలసిందే చెప్పింది: "ఎవరిదేందప్పా, అందరిదీ. కూచో, మజ్జిగ తాగుదువు." మాబు అదే అన్నాడు. నేనూ అదే అన్నాను. ఆయన ప్రతి ఇంటా కూర్చున్నాడు, మజ్జిగ తాగాడు, రాసుకుని వెళ్లాడు. తర్వాత నోటీసులు వచ్చాయి. అరుగులు తమవి కావని ఇంటివాళ్లే ఒప్పుకున్నారు కాబట్టి అవి ప్రజల స్థలంలో ఆక్రమణలట. కూల్చేస్తారట.

నేను ఆఫీసు మనిషిని. జ్ఞానమ్మ దగ్గరికి వెళ్లి రెండు దారులు చెప్పాను. మాది అని ఇప్పుడైనా రాసిద్దాం. లేదంటే మనమే తీసేసుకుందాం, బండలైనా మిగులుతాయి.

"బండలు మిగిలిచ్చుకోని ఏం చేస్తావప్పా? గోరీ కట్టుకుంటావా?" అంది. కాసేపు చేటలో శనగలు చెరిగి, ఈసారి నెమ్మదిగా, "నాదని రాసిస్తే, రేపు గాజులామె వచ్చి కూచుంటే లేయమనల్ల. నేను అబద్ధం చెప్పలేదు. మాట మార్చను," అంది.

"మాట మార్చకపోతే అరుగు పోతుంది జ్ఞానమ్మా."

"పోనీ చూద్దాం, ఎట్ల పోతాదో."

కూల్చే యంత్రం వచ్చిన ఉదయం ఆమె వీధి మొదట్లో తన అరుగు మీద కూర్చుని ఉంది. అప్పటికి ఆమెకు ఏ పదవీ లేదు. ఆమెను చూసి మాబు కుట్టుమిషను అరుగు మీదికి తెచ్చి కుట్టడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు చేటలు తెచ్చుకున్నారు. మా ఆవిడ ఏమీ అనకుండా వెళ్లి మా అరుగు మీద కూర్చుంది. ఆమె పక్కన నేను కూర్చున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు నోటీసు ఇచ్చేవాళ్ల పక్కనే ఎప్పుడూ నిలబడ్డవాణ్ణి, ఇటువైపు కూర్చోవడం అదే మొదలు. అయినా లేవలేదు.

యంత్రం వెంట వచ్చిన అధికారి గట్టిగానే అన్నాడు: "అందరిదీ అని మీరే చెప్పినారు కదమ్మా."

"చెప్పినా. ఇప్పుడూ చెప్తాండా. అందరిదీ," అంది జ్ఞానమ్మ. "అందరిదైన దాన్ని తీయల్లంటే అందరినీ అడగల్ల గదా నాయనా. అదో, అందరూ కూచోనే ఉండారు. ఈ కొస నుంచి ఒక్కొక్కరినీ అడుగుతా రా. నేనూ నీ ఎంట వస్తా."

ఆయన రెండు ఇళ్ల దాకా అడిగాడు; రెండు చోట్లా తీయొద్దనే అన్నారు. మూడో ఇంటి ముందు ఆగి, కాలువ ఎంత వెడల్పు కావాలని పనివాళ్లనే అడిగాడు. చివరికి కాలువ అరుగుల పాదాల వెంబడి సన్నగా పోయింది. దానికోసం జ్ఞానమ్మ తన ఇంటి మెట్టు వదులుకుంది. "కాలువ మనమే అడిగినాము గదా, మెట్టు ఇస్తా. అరుగు ఇయ్యను," అంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ గోడ పట్టుకుని, మోకాళ్లను తిట్టుకుంటూ అరుగెక్కింది.

ఆదివారం సాయంత్రం ఇదంతా తలుచుకున్నాక, మాబుకు ఒకే మాట చెప్పాను: "పొద్దున మిషను బయట పెట్టు."

సోమవారం ఉదయం. హాజరు: వీధి వీధంతా. టేపు పట్టుకుని వచ్చిన ఇంజనీరు చిన్నవాడు, ఎండకు ముఖం కమిలిపోయి ఉంది. జ్ఞానమ్మ అరుగు ముందు ఆగి, "ఎవరిది సార్ ఈ అరుగు?" అని నన్నడిగాడు.

"అందరిదీ. కూచో నాయనా," అన్నాను. నా నోట ఆ యాస ఎప్పుడు చేరిందో నాకు తెలియదు.

మొహమాటపడి అంచున కూర్చున్నాడు. సరిగ్గా కూర్చోమన్నాను. వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. ఎస్తేరు మజ్జిగ తెచ్చింది. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టేదాకా ఆగాను.

"దీన్ని తీయాలంటే అందరినీ అడగాలి," అన్నాను. "ఇప్పుడు నువ్వూ కూర్చున్నావు కాబట్టి నిన్నే మొదట అడుగుతున్నాను. తీయమంటావా?"