అవ్వ పేరు చెప్పిన క్యాసెట్టు

మొన్న మా మనవరాలు, బడిలో వంశవృక్షం గీసుకు రమ్మన్నారంటూ కాగితం పట్టుకొచ్చి, మీ అవ్వ పేరేమిటని అడిగితే ఠక్కున చెప్పాను. మన ఈడువాళ్లలో ఎంతమంది అలా చెప్పగలరో మీరే చూసుకోండి. మనకు అవ్వంటే అవ్వే, ఆమెకు వేరే పేరొకటి ఉంటుందని తోస్తేనా! నాకా పేరు తెలిసింది కువైటులో నా పై ఇంజనీరుగా ఉన్న వేల్సు దేశస్థుడి పుణ్యాన.

ఎనభైల మొదట్లో నేను కువైటులోని షుఐబాలో ఒక ఫ్యాక్టరీ స్టోరులో పనిచేసేవాణ్ణి. ఆ సారుకి సెలవురోజు శుక్రవారం వస్తే లోకం పట్టేది కాదు. తన ఊరి చర్చికి ఉత్తరాలు రాసి, తాతముత్తాతల పుట్టుకల వివరాలు, సమాధుల ఫొటోలు తెప్పించుకొని మంచమంతా పరుచుకునేవాడు. వాళ్ల తాత కొండల్లో రాయి చీల్చేవాడట, మనం అక్షరాలు దిద్దుకున్న పలకల రాయే. మా తాత కూడా కడప దగ్గర గనిలో నాపరాళ్లు చీల్చేవాడని చెప్పాక ఇక నన్ను చుట్టంలాగే చూశాడు. తాత ఉలి ఎలా పట్టేవాడు, మధ్యాహ్నం ఏం తినేవాడు అని అడిగి అడిగి, చివరికి అవ్వ పేరడిగాడు. నాకు తెలియదని ఒప్పుకున్నాను. నా చిన్నప్పుడే నాయన పోతే నన్ను పెంచింది అవ్వే. అమ్మను అడుగుదామంటే అత్త పేరు కోడలి నోట రాదు. అవ్వ మంచాన పడిందని కబురు, నా సెలవుకు ఇంకా ఏడాది. ఈలోగా ఆమె వెళ్లిపోతే ఎలాగని దిగులు పట్టుకుంది.

అప్పట్లో మనవాళ్లకు ఉత్తరాలకన్నా క్యాసెట్లే ఇష్టం. మాటలు రికార్డు చేసి సెలవుకు పోయేవాడి చేతికిస్తే, ఇంట్లోవాళ్లు విని, అదే టేపు మీద బదులు చెప్పి పంపేవాళ్లు. నేనూ అలాగే అడిగాను. కొన్నాళ్లకు టేపు తిరిగొచ్చింది.

"నా పేరుతో నీకేం పనిరా నాయనా, కడుపుకింత తింటాండావా లేదా అది చెప్పు" అని మొదలుపెట్టింది. కాసేపు దగ్గి, సిగ్గుపడుతున్నట్టు నవ్వి, "మా యమ్మ పెట్టింది ఓబులమ్మ. పెండ్లైనంక ఆ పేరుతో ఎవురూ పిల్సలేదు" అంది. ఆ పైన పుట్టింటి కబుర్లు టేపు అయిపోయేదాకా చెబుతూనే ఉంది.

సారు కూడా వింటానన్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా కదలకుండా విని, తన నాయనమ్మ కాగితాలన్నీ దొరికాయి గానీ గొంతు ఎక్కడా దొరకదు అన్నాడు.

ఆ వారంలోనే నేను అదే టేపు వెనక్కి తిప్పి, "ఓబులమ్మవ్వా, బాగుండావా" అని మొదలుపెట్టి, అవ్వ మాటల మీదే నా మాటలు నింపి ఊరికి పంపేశాను. సంగతి తెలిసి సారు తల పట్టుకున్నాడు. ఆయన బాధేమిటో నాకు అర్థమే కాలేదు. ఇంటింటా జరిగేది అదే కదా!

నేను సెలవుకు వెళ్లేసరికి అవ్వ లేదు. మంచంలో ఉన్నన్నాళ్లూ ఆ టేపు పెట్టించుకొని వినేదట. పేరు పెట్టి పిలిచిన మాట కాగానే మళ్లీ మొదటికి తిప్పమనేదట, మిగతాది విననిచ్చేది కాదని అమ్మ చెప్పింది.

ఇప్పుడు ఎవరి గొంతు కావాలన్నా ఫోనులో ఉంటుంది, దేని మీదా దేన్నీ ఎక్కించే అవసరం లేదు. మంచిదే. ఒక్క మాట కోసం టేపు అరిగిపోయేలా వినేవాళ్లు మాత్రం నాకు కనబడటం లేదు. ఆమె గొంతు ఒక్కసారి వినాలని ఈ వయసులోనూ ప్రాణం కొట్టుకుంటుంది. అయినా ఆ టేపు మీద నా పిలుపే ఉన్నందుకు ఇప్పుడు విచారించను.