వెండి గ్లాసుల్లో ఎర్ర వైను

మొన్న ఆదివారం మా కోడలు బెంగుళూరు నుంచి తెచ్చిన ఎర్ర వైను సీసాను భోజనాల బల్ల మీద పెట్టి, మూత తీయకుండానే ఫోనుతో దాన్ని ఫోటో తీసి, ముక్కూ మొహం తెలియని జనం దానికి ఎన్ని నక్షత్రాలు ఇచ్చారో చదివి, "బాగుంటుందంట మామయ్యా" అన్నది. ఇంకా ఎవరి నాలుకా తాకకముందే మంచిదని తేలిపోయిన ఆ సీసాను చూస్తే నాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు వెనకాలే నా ఉద్యోగపు తొలి సంవత్సరాలు, తిరుపతిలో మేము అద్దెకున్న రెండు గదుల ఇల్లు, నేనూ మా తమ్ముడూ ఇటువంటి సీసాలనే ముందు పెట్టుకుని వాదులాడుకున్న సాయంత్రాలూ గుర్తుకు వచ్చాయి. మన తరంలో ఇటువంటి సంగతులు బయటికి చెప్పుకునేవాళ్ళు తక్కువ. నాకు దాచుకోవలసింది ఏమీ కనిపించదు, ఎందుకంటే మా ఇంట్లో వైను పోసుకున్నది మత్తు కోసం కాదు, వరస కట్టడం కోసం.

వరస కట్టడమంటే ఏమిటో కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. మాది పుత్తూరు వైపు ఒక చిన్న మిట్ట. ఊళ్ళ మీద శిస్తు వసూలు చేసుకునే హక్కున్న కుటుంబాలను మా వైపు మిట్టదారులనేవారని మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. నేను పుట్టేసరికి ఆ హక్కు పోయి పేరు మాత్రం మిగిలింది. పేరుతోపాటు ఒక మామిడి తోట, ఆరు వెండి గ్లాసులు, నాయన నడుము వంచకుండా కూర్చునే అలవాటూ మిగిలాయి. వాటిలో ఆ చివరిది నాకు పూర్తిగా సంక్రమించింది. నా భార్య ఇప్పటికీ నన్ను చూసి, కుర్చీకి వీపు ఉండేది దేనికో మీకెవరూ చెప్పలేదా అంటుంది.

తోటలో కాయ మాగడం మొదలైన రోజున నాయన వసారాలో చాప పరిపించి, ఒక్కొక్క చెట్టు కాయనూ కోసి మా చేతికిచ్చేవాడు. బేనీషా, నీలం, మల్గూబా అన్న జాతి పేర్లతో ఆయనకు పని లేదు, చెట్టే లెక్క. పీచు ఎంత, సొన ఘాటు నాలుక మీద నిలుస్తున్నదా, చెట్టు మీదే మాగిందా లేక పొగ పెట్టి మాగబెట్టిన కాయలాగా పైకి తీపి, లోపల చప్పనా, మింగిన తర్వాత గొంతులో ఏం మిగిలింది, ఇవన్నీ చెప్పాలి. అన్నిటికన్నా మేలైనది అమ్మవారి కాయ, ఆ చెట్టు తొలి గంప తిరుచానూరు పోయేది. దాని తర్వాతది చుట్టాల కాయ, ఆ తర్వాత ఇంటి కాయ, అన్నిటికీ అడుగున మండీ కాయ, అంటే బండికెత్తి అమ్మేయవలసింది. దీనికి నాయన పెట్టిన నియమం ఒక్కటే: ఇంట్లో అందరికన్నా చిన్నవాడు ముందు మాట్లాడాలి. పెద్దవాడు ముందు నోరు విప్పితే చిన్నవాడి నాలుక అబద్ధం నేర్చుకుంటుందని ఆయన నమ్మకం. అందుచేత మా ఇంట్లో ఎప్పుడూ మొదటి మాట మా తమ్ముడిదే.

నాయన పోయాక భాగాల దగ్గర మాకు మాట తేడా వచ్చింది. తోట అమ్మకం గురించి పేచీ లేదు, ఉన్న కొద్దిపాటి సామాను గురించీ లేదు. ఆ ఆరు గ్లాసుల దగ్గర వచ్చింది. మూడు తనవని వాడన్నాడు. ఆరింటినీ విడదీయరాదని, పెద్దవాడి ఇంట ఉండడమే నాయనకు మర్యాద అని నేనన్నాను. ఆ మాట తప్పని నేను ఇవాళ కూడా అనుకోను. వాడు మాత్రం ఇంక నా ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని అందరి ముందూ అనేసి వెళ్ళిపోయాడు. అన్న మాట మీద నిలబడడం మా ఇంటి జబ్బు, వాడికీ నాకూ సమంగా వచ్చింది. నాయన తిథికి వచ్చేవాడు, పటానికి దండం పెట్టేవాడు, ఎండకు నోరెండిపోయినా గుక్కెడు నీళ్ళు తాగకుండా బస్సెక్కేవాడు. నా భార్య చెంబు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, అలాగే తిరిగి వచ్చేది.

అట్లా కొన్నేళ్ళు గడిచాయి. వాడికి బెంగుళూరు వైపు ద్రాక్ష తోటలకు మందులూ ఎరువులూ అమ్మే ఉద్యోగం వచ్చింది. ఒకసారి తిథి మరునాడు సంచిలో ఒక ఎర్ర వైను సీసాతో గుమ్మంలో నిలబడ్డాడు, ఎవరో రైతు ఇచ్చాడట. నేను లోపలికి రమ్మనే లోపలే నా భార్యతో అన్నాడు:

"నీళ్ళు తాగనని అంటి గానీ, ఇది తాగనని యాడ అంటి వదినా?"

చిత్తూరులో అంగడి నడిపే ఇంటి నుంచి వచ్చిన మనిషి ఆమె. బేరం కుదిరే చోటు ఆమెకు వెంటనే తెలుస్తుంది. "ఏమన్నా తాగండబ్బా. కొండ సూస్తా ఉండాది, ముందు ఆ ఉత్తరం కిటికీ మూసేయండి" అన్నది. ఆ కిటికీలోంచి తిరుమల కొండ కనిపించేది.

ఆ విధంగా మొదలైంది. నెలకో, రెండు నెలలకో ఒక ఆదివారం వాడు రెండు మూడు సీసాలు తెచ్చేవాడు. ఏ సీసా ఖరీదూ కిలో నెయ్యి ధర దాటకూడదని షరతు పెట్టుకున్నాము, మా ఇద్దరి జీతాలూ అటువంటివి. మాకు వైను గురించి తెలిసింది శూన్యం, తెలిసినవి మామిడి మాటలే. కిటికీ మూసి, వేరుశెనక్కాయలు ముందు పెట్టుకుని, పీచు, సొన, మాగుదల, గొంతులో మిగిలేది అంటూ వరస కట్టేవాళ్ళం. అమ్మవారి కాయ అన్న మాట మాత్రం సారా సంబంధమైన దేనికీ వాడరాదని నా భార్య నిషేధించింది కనుక, ఏ వైనైనా ఎక్కగలిగిన పెద్ద మెట్టు చుట్టాల కాయ.

కానీ ఒక్క సీసా కూడా అంత ఎత్తు ఎక్కలేదు. అన్నీ మండీ కాయలే. ప్రతిదానిలోనూ ఏదో చేదు, నాలుక వెనక పట్టుకుని వదిలేది కాదు. బెంగుళూరులో తన గదిలో తాగి బాగుందనుకున్న రకమే తెచ్చినా మా ఇంట్లో అదే చేదుగా ఉండేసరికి మా తమ్ముడి మొహం చిన్నబోయేది. మూడు సీసాలు తెచ్చేవాడు రెండు తెచ్చాడు, తర్వాత ఒకటి. సీసా తీసిన ప్రతిసారీ, ఇదైనా బాగుండాలని నేను లోపల దేవుడికి మొక్కుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. వైను మీద ఆశతో కాదు, బాగున్న సీసా ఒకటీ దొరకకపోతే వాడు వచ్చే దారి మూసుకుపోతుందని.

ఆ సాయంత్రాలకు ఆరు వెండి గ్లాసులూ బయటికి తీయించేవాణ్ణి. వాడు ఒకసారి వాటిని చేత్తో తిప్పి చూసి, గాజు గ్లాసులు లేవా అని అడిగాడు. మన ఇంట్లో వచ్చినోళ్ళకు ఎప్పుడన్నా గాజు గ్లాసులో ఇచ్చినామా అని నేను కొంచెం నిటారుగానే అన్నాను.

"వచ్చినోణ్ణా నేను?" అన్నాడు. మళ్ళీ తనే, "ఏందన్నా, వైను తాపేదానికి పిలస్తా ఉండావా, ఈ గ్లాసులు నాకు సూపించేదానికి పిలస్తా ఉండావా?" అన్నాడు. సీసా సగంలో ఉండగానే లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా ఆదివారాలు ఉత్తరం కిటికీ తెరిచే ఉన్నది.

మళ్ళీ వాడు వచ్చింది నడివేసవిలో, కత్తిరి ఎండల్లో. తిరుచానూరులో ఎవరిదో పెళ్ళి చూసుకుని, బస్సు దొరక్క మిట్టమధ్యాహ్నం నడిచి వచ్చాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది. సంచిలోనుంచి సీసా తీసి బల్ల మీద పెట్టి, నిలబడే అన్నాడు: "ఇదే ఆఖరుదన్నా. కొనింది గనక తెచ్చినా. ఇంక తెచ్చేది లేదు."

నేను వీపు ఇంకా నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. నా భార్య మాత్రం వాడి మొహం చూసి, ఏ ఆలోచనా లేకుండా అలమారలోని వెండి గ్లాసు తీసి, కుండలో ముంచి ఇచ్చింది. వాడూ ఏ ఆలోచనా లేకుండా అందుకుని గటగటా తాగాడు. సగం తాగి ఆగిపోయాడు.

"థూ! ఏంది వదినా, నీళ్ళు కూడా చేదే!"

"నీళ్ళు చేదేందబ్బా?" అంటూ ఆమె గ్లాసు లాక్కుని ఒక చుక్క నోట్లో వేసుకుని, నాలుక బయటపెట్టి, తల పట్టుకున్నది. "అయ్యో, నా కుంకుడుకాయ!"

సంగతి ఏమిటంటే, మా అమ్మ ఆ గ్లాసులను విభూతితో తోమి నీళ్ళలో జాడించేది. నా భార్య పుట్టింటి పద్ధతి వేరు. వెండిని కుంకుడు రసంలో నానబెట్టి, నీటి మరకలు పడితే మెరుపు పోతుందని కడగకుండా పొడి గుడ్డతో తుడిచేసేది. మరిది వస్తున్నాడంటే మరీ శ్రద్ధగా, రెండు తడవలు. వాడి కోసం చేసిన ఆ మెరుపే వాడి సీసాలన్నిటినీ మండీకి తోలింది. ఆ గ్లాసుల్లో మజ్జిగ తాగిన అతిథులు అన్నేళ్ళుగా మర్యాదకు ఎంత చేదు మింగిపోయారో తలచుకుంటే నాకు ఇప్పటికీ చెమట పడుతుంది.

కుంకుడు గొడవలో పడి మేము గమనించని రెండో సంగతిని కూడా ఆమే గమనించింది. "అవునబ్బా, నువ్వు నీళ్ళు తాగేసినావే!"

"తాగలేదు వదినా. సగమే."

"మింగినావా, లేదా?"

వాడు నా వైపు చూశాడు. చిన్నప్పుడు వసారాలో నాయన ఇచ్చిన మామిడి ముక్క మింగి మాట తడుముకునేటప్పుడు అట్లాగే చూసేవాడు. "మింగినా" అన్నాడు.

నేను లేచాను. వంటింట్లో కాఫీ పొడి కొంటే ఉచితంగా వచ్చిన గాజు గ్లాసులు రెండున్నాయి, మా ఇంట్లో వాటిని ఎవరి ముందూ పెట్టేది లేదు. వాటిని నేనే కడిగి, నేనే తుడిచి, వాడు తెచ్చిన ఆ ఆఖరి సీసా తీసి పోశాను. అన్ని నెలల తర్వాత ఆ వైను రంగు మొదటిసారి చూశాము. నేరేడు పండు చిదిమితే వేలికంటుకునే రంగు. వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఒక గుక్క నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను నోరు విప్పకుండా ఎదురు చూశాను, ఎందుకంటే ముందు మాట వాడిది.

"పీచు లేదు" అన్నాడు. "సొన ఉండాది గానీ కాటు లేదు. చెట్టు మీద మాగింది." మరో గుక్క తాగి, "చుట్టాల కాయన్నా" అన్నాడు.

సాయంత్రం బస్సుకు వెళ్ళేటప్పుడు నేను మూడు వెండి గ్లాసులను, నీళ్ళలో నాలుగుసార్లు జాడించి మరీ, తువ్వాలులో చుట్టి వాడి సంచిలో పెట్టాను. వాడు చూసి, సంచి భుజాన వేసుకున్నాడు. అయితే తర్వాతి ఆదివారం వచ్చేటప్పుడు వైనుతోపాటు ఆ మూడింటినీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పటినుంచీ ఈనాటి దాకా అదే పద్ధతి. మూడు వాడితో వస్తాయి, వాడితోనే వెళతాయి. వాటిలో నీళ్ళూ మజ్జిగా తాగుతాము, వైను గాజులో పోసుకుంటాము.

ఇప్పుడు ఆ తోట ఉన్న చోట ఇళ్ళ స్థలాల రాళ్ళు పాతారు, ఏ చెట్టు ఎక్కడ ఉండేదో నాకే సరిగ్గా తెలియడం లేదు. కొరికిన కాయ ఏ చెట్టుదో చెప్పగల నాలుకలు మా ఇద్దరివే మిగిలాయి. ఈ కాలంలో రుచి ముందుగా ఫోనులో వస్తుంది, నోటికి తర్వాత వస్తుంది. పదిమంది చెప్పాక తాగితే మన మాట ఎక్కడ పుడుతుందో నాకు తెలియదు. కానీ మొన్న ఆ సీసా మూత తీయవద్దని, చిన్నాయన వచ్చేదాకా ఆగమని నేను అన్నప్పుడు మా కోడలు విసుక్కోలేదు. ఎందుకని అడిగితే ఇదంతా చెప్పాను. విని ఫోను బోర్లా పెట్టి, "సొన ఘాటంటే వైన్లో ఎట్లుంటుంది మామయ్యా?" అని అడిగింది. తాగి నువ్వే చెప్పాలమ్మా, ఇప్పుడు ఈ ఇంట్లో అందరికన్నా చిన్నదానివి, ముందు మాట నీది అన్నాను.

ఈ ఆదివారం తమ్ముడు వస్తున్నాడు. గుమ్మం ఎక్కుతూనే చెప్పులైనా విడవకుండా, ఎండ ఉన్నా లేకపోయినా, దాహం వేసినా వేయకపోయినా, వదినను నీళ్ళు అడుగుతాడు.