మా టీచరుగారి ఆఖరి స్నానం

మా టీచరుగారు పోయారని కబురు తెచ్చినతను గేటు దాటి లోపలికి రాలేదు. రోడ్డు మీదే సైకిలు ఆపి, "టీచరమ్మ పొద్దున్నే పోయిందంట, పెట్టె తొందరగా చేయిస్తన్నారు" అని చెప్పి వెళ్లిపోయాడు. శవప్పెట్టెకి అంత తొందరెందుకో నాకు తెలుసు. మీకూ తెలియాలనే ఇది రాస్తున్నాను. ఆవిడ గురించి మంచి మాటలు చెప్పేవాళ్లు మా కతోలిక గుడిలో ఇప్పుడు చాలామందే తేలారు. ఆ పని వాళ్లకే వదిలేస్తాను.

బళ్లో ఎక్కాలు, ఆదివారాలు గుడిలో జ్ఞానోపదేశం, రెండూ నాకు ఆవిడే చెప్పారు. రెండింటికీ ఒకటే స్కేలు. పరలోక జపంలో మాట తడబడితే వేళ్ల కణుపుల మీద పడేది. పెళ్లి చేసుకోలేదు. సిస్టర్ల మఠంలో చేరబోయి, నోరు ఊరుకోక నెలకే తిరిగొచ్చేశారని చెప్పుకునేవాళ్లు. పత్తి, మిరప పండే మా అద్దంకి వైపు ఊళ్లలోకి ఎయిడ్స్ వచ్చిన కాలం అది. ఎవరూ పేరు పలికేవాళ్లు కాదు, 'ఆ జబ్బు' అనేవాళ్లు. అది బయటపడితే మనిషిని ఇంట్లోంచి పశువుల కొట్టంలోకి మార్చేవాళ్లు. రిటైరయ్యాక టీచరుగారు శుక్రవారం శుక్రవారం జావ క్యారేజీ పట్టుకుని ఆ కొట్టాలు వెతుక్కుంటూ వెళ్లేవారు. నా పెళ్లికి ముందు రెండేళ్లు నేనూ వెంట వెళ్లాను.

ఒక రైతు కుటుంబంలో కొడుక్కి కంచం కర్రతో నెట్టేవాళ్లు. ఆవిడ అతని పక్కనే గడ్డిమీద చతికిలబడి, "ఏరా, ఆ గడ్డమేంటి మేకపోతులాగా? ఇటు తిరుగు" అని తిడుతూనే మొహం తుడిచారు. అతను ఏడ్చేశాడు. నెలల తర్వాత ఒంటిమీద ఒక మనిషి చెయ్యి పడింది మరి. అతను పోయినరోజు శవాన్ని కడగడానికి ఇంట్లోవాళ్లెవరూ రాలేదు. ఆవిడే కొంగు బిగించారు. తల్లి గుమ్మంలో నిలబడి, "ముట్టుకున్నావు గదా, ఇంక మా వాకిట్లోకి రామాక టీచరమ్మా" అంది.

"రానులేమ్మా. ఆ చెంబు ఇటు పడెయ్యి, తల రుద్దాలి" అన్నారు ఆవిడ.

తిరిగొస్తూ, మీకు భయం వెయ్యదా అని అడిగాను. "ఎందుకు వెయ్యదూ, వేస్తది. గుడిలో సత్ప్రసాదం ప్రభువు శరీరమని అందుకునేప్పుడు చేతులు జోడిస్తాం గదే. అదే ప్రభువు కొట్టంలో పడి కంపు కొడతా ఉంటే కర్రతో నెట్టమంటావా?" అన్నారు. భయపడుతూనే పని చేయవచ్చని నాకు నేర్పింది ఆవిడే. నేర్చుకున్నాననే అనుకున్నాను.

షుగరు ముదిరి, కిడ్నీలు పాడై ఆవిడ చిక్కిపోయేసరికి ఊళ్లో ఒకటే మాట, అంటించుకుందని. రక్తపరీక్ష కాగితం నేనే చదివాను. ఆ జబ్బు లేదు. ఆవిడ దాన్ని ఎవరికీ చూపించనివ్వలేదు. "చూపిస్తే, అది ఉన్నోళ్లంతా పాపిష్టోళ్లని నేను ఒప్పుకున్నట్టే గదే" అన్నారు. గుడిలో ఆవిడ కూర్చున్న చాపమీద ఇంకెవరూ కూర్చునేవాళ్లు కాదు. "హాయిగా కాళ్లు చాపుకోవచ్చు" అని నవ్వేవారు. చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "నన్ను నువ్వే కడగవే. వీళ్లెవరూ రారు" అన్నారు. కడుగుతానని మాటిచ్చాను.

కబురు వినగానే నెలల పాపని చంకనేసుకుని పరుగెత్తాను. వెనకాలే మా అత్తగారు వచ్చింది. టీచరుగారి గుమ్మం ముందు పాపని నా చేతుల్లోంచి లాక్కుని, "లోపలికెళ్లావంటే దీన్ని మళ్లీ ముట్టుకోనివ్వను. ఇంటికి కూడా రావద్దు" అంది. ఆవిడకి ఆ జబ్బు లేదు, కాగితం నేను చదివానని అరిచాను. "కాగితాలదేముందిలేమ్మా" అన్నాడు సంఘపెద్ద. పాప గుక్కపట్టింది. నేను గుమ్మం బయటే ఆగిపోయాను.

సంఘపెద్ద పంపు తెప్పించాడు. పత్తికి మందు కొట్టడానికి వీపుకి తగిలించుకునే పంపు. అందులో ఫినాయిలు నీళ్లు పోయించి, ఒక కూలిమనిషి మూతికి తువ్వాలు కట్టించి, గుమ్మంలోంచే కొట్టించాడు. తల నుంచి కాళ్లదాకా, మళ్లీ కాళ్ల నుంచి తలదాకా, పురుగుకి కొట్టినట్టే. డబ్బాలో మిగిలిన పురుగుమందు వాసన కూడా వాకిట్లోకి వచ్చింది. ఎవరెవరినో వేళ్ల సందులు సైతం వదలకుండా కడిగిన మనిషికి మా ఊరు చేయించిన స్నానం ఇది. తర్వాత మిరపకాయలు ఎండబోసే పట్టాలో ఎత్తి పెట్టెలోకి దించారు.

పక్కూళ్లో పూజ ముగించుకుని ఫాదరుగారు వచ్చేసరికి మూతకి మేకులు పడ్డాయి. ఆవిడ శిష్యురాలినని ఆయనకి తెలుసు. "స్నానం చేయించారా అమ్మా?" అని నన్నే అడిగారు. అందరూ నావైపు చూశారు. చేయించామని తలూపాను. ఆయన ప్రార్థన మొదలుపెట్టారు.

పోయేటప్పుడు పెట్టుకున్న కళ్లజోడు ఎవరూ తీయలేదు. పెట్టెలోకి దించుతున్నప్పుడు చూశాను, రెండద్దాల మీదా తెల్లటి ఫినాయిలు చుక్కలు. కొంగుతో తుడవాలంటే రెండడుగులు వేస్తే సరిపోయేది. ఆవిడ కళ్లు కూడా ఎవరూ మూయలేదు. ఆ చుక్కల వెనక అవి వాకిలివైపే చూస్తున్నాయి.