ముగ్గు తొక్కని టైరు

పటాన్‌చెరు సిగ్నల్ దగ్గర ఎండకు ఆరుతున్న తెల్లగీత రంగు వాసన తగిలితే చాలు, డెబ్బయ్యో దశకంనాటి సంగారెడ్డి చౌరస్తా, ఆ మూలన మా కిరాణా దుకాణం, బెల్లం దిమ్మల మీద ముసిరే ఈగలు, మిరప బస్తా విప్పగానే వీధంతా తుమ్మే తుమ్ములు నాకు గుర్తుకొస్తాయి. పట్నం నుంచి సరుకు తెచ్చుకోవడానికి బాపు పాత వ్యాను కొన్నాడు. లైసెన్సు ఒక్కటే తక్కువ.

మొదటి పరీక్షలో ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుని ఉండగానే బాపు బండిని చౌరస్తా నడిమధ్య ఆపాడు. నాలుగు దారుల గిరాకీ కనబడే చోటు అదే కదా! పైగా కిటికీలోంచి తల బయటపెట్టి, "శెక్కెర వచ్చింది పటేలా!" అని కేక.

"గీతకు ఇవతలనే ఆగాలె సేటూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ దిగుతూ. "కుడి దిక్కు, ఎడమ దిక్కు సూడాలె. వచ్చేటోళ్లు పోయినంకనే పోవాలె. ఇంకొక్కసారి సూస్త, గంతే."

ఈసారి తప్పితే వ్యాను అమ్మేయాల్సిందేనని తాత తేల్చేశాడు.

ఆ చలికాలమంతా అమ్మ పొద్దున్నే పేడనీళ్ల సానుపు చల్లి, మా సందుకు అడ్డంగా ముగ్గుపిండితో లావుపాటి గీత గీసేది. బాపు ఎదురుగా ఉన్నా నాకే చెప్పేది: "పిల్లా, ఆగకుండ గీ ముగ్గు తొక్కితే చాయ్ లేదని మీ బాపుకు చెప్పు." తొక్కినప్పుడల్లా బాపు డబ్బాలోంచి కరకరలాడే సకినం ఒకటి నాకివ్వాలని నేను బేరం కుదుర్చుకున్నాను. మొదటి వారం నా పండగే. తర్వాత టైరు ముగ్గుకు జానెడు ఇవతలే ఆగసాగింది. గాలికి పిండి లేచి టైరుకు అంటినా సగం సకినం రావాలని వాదించాను. "యాపారం గట్ల కాదు బిడ్డా," అని బాపు డబ్బా మూసేశాడు.

రెండో పరీక్ష నాడు అమ్మా నేనూ దుకాణం మెట్ల మీద నిలబడ్డాం. వ్యాను చౌరస్తాకు వస్తుండగా, అవతలి వైపు నుంచి ఇస్మాయిల్‌ఖాన్‌పేట పటేలు కాగితం ఊపుతూ అరిచాడు: "ఏ సేటూ! బిడ్డ పెండ్లి సామాను రాసుకొచ్చిన, జల్దీ ఇటు రా!"

బాపు చెవులు ఎర్రబడ్డాయి. తల మాత్రం తిరగలేదు. బండి గీతకు జానెడు ఇవతల ఆగింది. కుడివైపు చూసి, జొన్నచొప్ప బండిని పోనిచ్చాడు. ఎడమవైపు చూసి, ఫ్యాక్టరీకి పోయే సైకిళ్లన్నింటినీ పోనిచ్చాడు. పటేలు విసుక్కుని పక్క దుకాణం వైపు నాలుగడుగులు వేశాడు. నా ప్రాణం అటే పోయింది. బాపు అప్పుడు తీరుబడిగా చౌరస్తా దాటాడు.

"పాస్ సేటూ!" అన్న ఇన్‌స్పెక్టర్ మాట మెట్ల దాకా వినిపించింది. అమ్మ నా వీపు మీద చరిచిన చరుపుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో పటేలు వెనక్కి తిరిగొచ్చి, కాగితం బాపు చేతిలో పెట్టాడు. "నేను పిలిచినా గీత దాటనోనివి, ఎవ్వడు చెప్తే తూకం తప్పుతవు? కట్టు సామాను."

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా దుకాణం పోయింది. బాపు లేడు, పటేలు లేడు. ఇప్పుడు ఆ చౌరస్తాలో గీతకు ఇవతల ఆగడం చాలా సులువు. "ఏ సేటూ!" అని ఎవరూ పిలవరు.