ముక్క తీసి చూసిన రోజు

“కాలు నొప్పెడుతోందటే?” అంది మా పెద్దమ్మ, మంచంలోంచి. “లేదు పెద్దమ్మా, బస్టాండు నుంచి నడిచే వచ్చాను” అన్నాను. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. తెల్లారేసరికి పోయింది.

ఆ ప్రశ్న ఎందుకడిగిందో చెబుతాను, రాసుకో మనవరాలా.

నా చిన్నప్పుడు కుడి తొడలో నిమ్మకాయంత గడ్డ లేచింది. చల్లపల్లిలో అరుగు మీద నుంచి పడ్డ దెబ్బేననుకుని అమ్మ రోజూ ఆముదం రాసి తోమింది. తోమేకొద్దీ రాయిలా గట్టిపడింది. బెజవాడ తీసుకెళితే డాక్టరు గారు ఎక్స్‌రే చూశారు. ఎముక క్యాన్సర్‌లాగే ఉందన్నారు, అదే అయితే కాలు తీయాలన్నారు. కానీ చిన్న ముక్క తీసి పరీక్ష చేయందే ఏ మాటా ఖాయంగా చెప్పనన్నారు. కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుతుందని అమ్మ నన్ను చంకనేసుకుని వచ్చేసింది. నీ భుజం మీద గడ్డకు రేపు ముక్క తీస్తామంటే నువ్వంటున్నావే, అచ్చం అదే మాట.

వన్ టౌన్‌లో మా పెద్దమ్మకు పుచ్చకాయల బండి ఉండేది. ఆ రాత్రికి ఆమె ఇంట్లోనే ఉన్నాం. రెండు కాయలు నా ముందు పెట్టి తట్టి చూడమంది. రెండూ ఒకేలా మోగాయి.

“ఏది పండిందే?”

“రెండూనూ.”

“అబ్బో, రేపట్నుంచి బండి నువ్వే తోలు!”

కత్తితో ఒక్కో కాయకూ చిన్న గాటు పెట్టి ముక్క లాగింది. ఒకటి ఎర్రగా ఉంది. ఇంకొకటి తెల్లగా పాలిపోయి ఉంది.

“నువ్వు కోశావు, ఇప్పుడిది పాడైపోద్ది” అని ఏడ్చాను.

“ఒసే పిచ్చిదానా, నా కత్తి తగిలి తెల్లగా అయిందటే? లోపలున్నదే కనపడింది. చూడకుండా ఎలా తెలుసుద్ది?”

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ అమ్మకు తగిలింది. పెద్దమ్మ ఎర్ర ముక్క నా నోట్లో పెట్టి, తెల్లది తను తింది. పొద్దున్నే ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. ముక్క తీస్తున్నంతసేపూ నా చెయ్యి పెద్దమ్మ చేతిలోనే ఉంది.

క్యాన్సర్ కాదని తేలింది. ఎముకలో పుట్టింది కాదట, కండలోనే పుట్టి ఎముకలా గట్టిపడ్డ అరుదైన గడ్డట. గడ్డ తీశారు, కాలు ఉంచారు. ఆ కాలితోనే పెళ్ళిపీటలెక్కాను. మీ తాతయ్యను సాగనంపుతూ వీధి చివరిదాకా నడిచాను.

నీది ఏమవుతుందో నాకు తెలియదు తల్లీ. మంచిదేనని అబద్ధం చెప్పను. భయపడి చూడకపోతే లోపలున్నది మారిపోదని మాత్రం ఆ రోజు నుంచీ నాకు తెలుసు. రేపు నీ చెయ్యి నేను పట్టుకుంటాను.

ఇక చాలు, రాయకు. కళ్ళు తుడుచుకుని మొదటి నుంచీ చదువు. నీ నోట వినాలి.