నీలం వదలని చేతులు

మా బావ అద్దకం మేస్త్రి. తడిగుడ్డ మీద ఒక్క చూపు వేసి, ఆరాక ఏ రంగు తేలుతుందో చెప్పగలనని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఒకరోజు కొంప ముంచింది. తడిలో ఏ రంగైనా ముదురుగానే కనిపిస్తుంది. అందుకే చిన్న ముక్క కత్తిరించి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి చూశాకే రంగు తొట్టిలోంచి గుడ్డ తీయాలి. ఆరోజు తొట్టి కలిపే ఆవిడ, అందరూ చిన్నమ్మ అనే మనిషి, ముక్క చేతికిస్తే బావ ఆరబెట్టకుండానే "తీసెయ్" అన్నాడు. ఆరేసరికి ముదురు నీలం కావలసిన గుడ్డంతా వెలిసిపోయినట్టు తేలింది.

"ఎవరు తీయమన్నారు?" అని యజమాని నిలదీశాడు.

బావ కుళాయి తిప్పి, తలెత్తకుండా సబ్బు రుద్దుకుంటూ, "నాకేం తెలుసండీ, తొట్టి ఆవిడది" అన్నాడు.

యజమాని పొమ్మంటే చిన్నమ్మ ఏప్రాను కొక్కేనికి తగిలించి వెళ్లిపోయింది. మంచాన పడ్డ మొగుడికి ఆమె కూలే ఆధారం.

ఇదేదీ నాకు తెలియదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా మామూలు కోతలు కోస్తున్నాను.

"ఇంగ్లీషువాళ్లు ఫలానావాడు చేతులు కడుక్కున్నాడంటారే బావా, మనం చేతులు దులుపుకున్నాడంటామే, అదే. కాన్వెంటులో సిస్టరు చెప్పింది, బైబిల్లోంచి వచ్చిందట. ఏసు ఏ తప్పూ చేయలేదని గవర్నరుకు తెలుసు. చంపమనే జనం గోలకు జడిసి, నీళ్లు తెప్పించి, అందరి ముందూ చేతులు కడుక్కుని, ఈయన చావుతో నాకు సంబంధం లేదన్నాడు."

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? "కడిగీ కడిగీ సబ్బు గోళీకాయంత అయిందట. ఊరి బావులన్నీ ఎండిపోయాయట" అన్నాను.

"నీ బొంద, ఇవి కూడా సిస్టరే చెప్పిందా?" అని అక్క నవ్వింది.

బావ నవ్వలేదు. కంచంలో తన చేతిని చూసుకున్నాడు. గోళ్ల చుట్టూ నీలం. అన్నం అలాగే వదిలేసి లేచాడు. రాత్రి పక్క మీద గోడకేసి తిరిగి, జరిగిందంతా అక్కకు చెప్పాడు.

తెల్లారి పనివాళ్లందరూ ఉండగా యజమానితో, "తడిముక్క చూసి తీయమన్నది నేనేనండీ" అన్నాడు. యజమాని మేస్త్రిపని ఊడబెరికి, చిన్నమ్మను పిలిపించి, బావను ఆమె పక్కనే తొట్టి కలపమన్నాడు.

"చిన్నమ్మా, నిన్న నేను..."

"కలుపు నాయనా. ఆపితే మచ్చలు పడతాయి" అందామె, అతని వైపు చూడకుండానే.

ఆ తర్వాత బావ చేతులు కడుక్కోవడానికి ఆ కుళాయి దగ్గరికి వెళ్లలేదు. నీలం చేతులు జేబుల్లో దాచుకుని ఇంటికొచ్చేవాడు.